ఆ పాట ఉందా?

గల్లాపెట్టె పక్కకి వచ్చి నిలబడండి. ఫ్యాను గాలి కాస్త తగిలేది అక్కడే.

ఊరు రియో డి జనీరో. సంవత్సరం 1971. ఎండ ఇంకా దిగలేదు. నగరం నడిబొడ్డున ఉరుగ్వయానా వీధి, బట్టల కొట్ల మధ్య ఇరుక్కున్న ఒక రికార్డుల షాపు. మీరు ఇందులో సేల్స్‌మన్. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గోడ నిండా ఎల్పీలు. కింద, మీ మోకాళ్ల ఎత్తున, చెక్క పెట్టెల్లో చిన్న రికార్డులు. వాటిని ఇక్కడ కొంపాక్తు అంటారు. ఏడంగుళాల వెడల్పు, ముందు ఒక పాట, వెనక ఒక పాట. ఎల్పీ కొనే స్తోమత లేని కుర్రకారు కొనేది వీటినే. ఏ పాట ఆడిందో, ఏది పడుకుందో తేలేది కూడా ఈ చెక్క పెట్టెల దగ్గరే.

కాలేజీ కుర్రాడొకడు లోపలికొచ్చాడు. అటూ ఇటూ చూశాడు. కౌంటరు మీదికి వంగాడు.

"ఆ పాట ఉందా?"

ఏ పాట అని మీరు అడగరు. పొద్దున్నుంచి అందరూ అడుగుతున్నది అదే. వంగి, ఎడమ పక్క పెట్టెలోంచి తీసి, కాగితంలో చుట్టి ఇచ్చారు. వాడు చిల్లర లెక్క చూసుకోకుండానే వెళ్లిపోయాడు. వాడి వెనకే ఒకావిడ, చేతిలో కూరగాయల సంచి. ఆవిడా అదే అడిగింది. తర్వాత బ్యాంకు గుమాస్తా. తర్వాత ఇద్దరు స్కూలు పిల్లలు, డబ్బులు కలేసుకుని.

మీ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. సరుకు అయిపోయిన రోజున వచ్చినవాళ్ల పేరు, ఫోను నంబరు అందులో రాసుకుంటారు. కొత్త సరుకు రాగానే కబురు పెట్టడానికి. రెండు పేజీలు నిండాయి. బిల్లు పుస్తకం కిందే పెట్టుకుంటారు దాన్ని, చేతికి అందేలా. ఈ సంగతి గుర్తుంచుకోండి. కాసేపట్లో అవసరం పడుతుంది.

ఇంతకీ ఏముంది ఆ పాటలో? మీకూ వినాలనిపిస్తోంది కదా. పక్కన వినే గది ఉంది. తలుపు వేసుకోండి. రికార్డు పళ్లెం మీద పెట్టి ముల్లు ఆనించండి. ముందు చిటపట. తర్వాత సాంబా.

కాలు దానంతటదే ఆడుతోంది. ఆపుకోకండి, ఇక్కడెవరూ చూడరు. పాడుతున్నవాడు షికో బువార్కి. వయసు 26. గొప్ప గొంతేమీ కాదు. సన్నగా, కాస్త ముక్కులోంచి వస్తుంది. కానీ ప్రతి మాటా విడివిడిగా చెవిలో పడుతుంది. ఐదేళ్ల కిందట ఊళ్లోకి వచ్చిన బ్యాండు మేళం మీద చిన్న పాట కట్టి దేశం మొత్తానికీ ముద్దుబిడ్డ అయ్యాడు. అమ్మలకీ ఇష్టమే, అమ్మాయిలకీ ఇష్టమే. ఆ ఇష్టమే ఇవాళ సర్కారుకి పెద్ద తలనొప్పి.

పాట పేరు 'అపెజార్ ది వొసె'. నువ్వు ఎంత అడ్డుపడినా సరే, అన్న అర్థం. ఒకరు ఇంకొకరి మీద పెత్తనం చేశారు. పడ్డవాడు పళ్ల బిగువున భరించాడు. రోజులు ఇలాగే ఉండిపోవని, అప్పుడు లెక్క వడ్డీతో సహా తేలుస్తానని నవ్వుతూనే హెచ్చరిస్తున్నాడు. కోరస్ అందుకుంది. అందరూ కలిసి పాడుతున్నారు. బాధ పాటలా లేదు. పెళ్లిలో పాడుకోవచ్చు. పిల్లల పుట్టినరోజున పాడుకోవచ్చు. అలాగే పాడుతున్నారు కూడా.

మొగుడూ పెళ్లాల గొడవా? ప్రేమికుల తగువా? కాగితం మీద చదివితే అలాగే ఉంటుంది. సెన్సారు వాళ్లు కాగితం మీదే చదివారు.

ఈ దేశంలో పాట రికార్డు కావాలంటే ముందు సాహిత్యం టైపు చేసి ఫెడరల్ పోలీసుల కింద ఉండే సెన్సారుకి పంపాలి. వాళ్లు ముద్ర వేస్తేనే ఫ్యాక్టరీలోకి వెళ్లాలి. దీన్ని ఆపేస్తారనే అనుకున్నానని షికో తర్వాత చెప్పుకున్నాడు. ఆపలేదు. ముద్ర పడింది. ఫిలిప్స్ కంపెనీ అచ్చు వేసింది. వెనక వైపున వినీసియస్ ది మొరాయిస్‌తో కలిసి రాసిన మరో పాట, 'దెజలెంతు'. 1970లో మార్కెట్లోకి వదిలారు.

ఆ ముద్ర వేసిన అధికారి సాంబా తాళం వినలేదు. వేలమంది ఒకేసారి ఆ 'నువ్వు' అనే మాట పలికితే ఎలా ఉంటుందో వినలేదు. మీరు విన్నారు. ఆ 'నువ్వు' ఎవరో గదిలోంచి బయటికి రాకముందే మీకు తెలిసిపోయింది. తలుపు తీసేటప్పుడు ముఖం మామూలుగా పెట్టుకోవడం కూడా మీకు వచ్చేసింది. ఈ ఊళ్లో అందరికీ వచ్చు.

ఎదురుగా గోడ మీద చూడండి. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ఒక స్టిక్కరు. బ్రెజిల్‌ని ప్రేమించు, లేదా వదిలి వెళ్లు అని రాసి ఉంది. కార్ల వెనక అద్దాల మీదా అదే. నిరుడు జూన్‌లో మెక్సికోలో ఇటలీని 4–1తో ఓడించి మూడోసారి ప్రపంచ కప్పు తెచ్చారు. ఊరంతా రోడ్ల మీదికొచ్చింది, మీరూ వచ్చారు, ఏడ్చారు కూడా. అప్పుడు మోగిన ఫుట్‌బాల్ పాట ఇంకా రేడియోలో మోగుతూనే ఉంది. దేశాన్ని ప్రేమిస్తున్నానంటూ ఓస్ ఇన్‌క్రీవెయిస్ అనే బృందం పాడిన మరో హుషారు పాట మీ పెట్టెలోనే ఉంది, బాగానే అమ్ముడైంది. ఆర్థిక వృద్ధి పది శాతం. పేపర్లు దీన్ని అద్భుతం అంటున్నాయి. అధ్యక్ష పీఠం మీద జనరల్ మెడిసి. ఆయనకీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని స్టేడియంలో కూర్చున్న ఫోటో మీరూ చూశారు.

వీటికి పక్కనే, అదే పెట్టెలో, 'అపెజార్ ది వొసె'. అట్టలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి.

మధ్యాహ్నం చేతిలో ఫారంతో ఒకాయన వచ్చాడు. ఇబోపి మనిషి. ఇబోపి అంటే సర్వేల సంస్థ. రియోలో, సావ్ పావ్లోలో షాపులు తిరిగి ఏ రికార్డులు ఎక్కువ పోతున్నాయో ఆరా తీస్తుంది. మీరు రేపు పేపర్లో చూసే హిట్ల పట్టిక ఆకాశంలోంచి ఊడిపడదు. ఇలా చెమటలు కక్కుతూ ఒక మనిషి వచ్చి, మీలాంటి ఇంకో మనిషిని అడిగి, పెన్సిల్‌తో రాసుకుంటాడు.

"కొంపాక్తుల్లో ఏది ముందుంది?"

మీరు చెప్పారు. ఆయన తల ఎత్తకుండా రాసుకున్నాడు.

"తర్వాత?"

"రొబెర్తో కార్లోస్, ఏసుక్రీస్తు పాట. తర్వాత టిమ్ మాయా. పౌలిన్యో ద వియోలా కూడా ఇంకా ఆడుతోంది."

ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మొదటిది ఒకటి నాకూ చుట్టండి."

మొత్తం మీద లక్ష దాకా అమ్ముడయ్యాయి ఈ కొంపాక్తులు. ఆ కాలానికి అది చిన్న అంకె కాదు. నన్నడిగితే ఈ విజయంలో సగం సాంబాదే. మూడేళ్ల కిందట, 1968లో, ఇదే ఊళ్లో మరకానజీన్యో స్టేడియంలో జెరాల్దో వాంద్రే ఒక్క గిటారుతో సైనికుల గురించి పాడితే జనం ఊగిపోయారు. తర్వాత దాన్ని నిషేధించారు. కానీ ఆ పాట వింటూ నడవాలనిపిస్తుంది, నినాదం చెయ్యాలనిపిస్తుంది. దాన్ని పెళ్లిలో పెట్టలేరు. షికో పాట పెళ్లిలో దూరింది, వంటింట్లో దూరింది. అక్కణ్నుంచి దాన్ని లాగడం కష్టం.

సర్కారుకి మాత్రం ఇంకా తెలియలేదు.

తర్వాత తెలిసింది.

ఒక పేపర్లో ఎవరో సూచనగా రాశారు, ఆ పాటలోని 'నువ్వు' అధ్యక్షుడే అని. ఉన్న సంగతే. కానీ ఇంతవరకూ అందరూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నదాన్ని ఆ పేపరు అచ్చులో పెట్టింది. అంతే. అచ్చులో పడ్డాక తెలియనట్టు నటించడం ఎవరికీ కుదరదు.

పొద్దున షాపు తెరిచి రేడియో పెట్టారు. ఫుట్‌బాల్ పాట. రొబెర్తో కార్లోస్. సబ్బు ప్రకటన. మళ్లీ ఫుట్‌బాల్ పాట. స్టేషను మార్చారు. ఇంకో స్టేషను. ఎక్కడా ఆ సాంబా లేదు. ఎవరూ ఏమీ ప్రకటించలేదు. నిన్న గంటకోసారి మోగిన పాట ఇవాళ లేదు, అంతే.

షాపు ఓనరు టోపీ పెట్టుకున్నాడు. ముసలాయన. మీతో ఎప్పుడూ తిన్నగా మాట్లాడడు, గోడకేసి చూస్తూ మాట్లాడతాడు.

"బ్యాంకుకి వెళ్లొస్తాను. షాపు చూసుకో."

ఇవాళ బ్యాంకులో పనేమీ లేదని మీకు తెలుసు. ఆయన వెళ్లిపోయాడు.

పదకొండున్నర. ఫోను మోగింది.

సరుకు తెచ్చిచ్చే కంపెనీ ఏజెంటు. ఎప్పుడూ జోకులేసే మనిషి. ఇవాళ గొంతు లేదు.

"మీ దగ్గర ఎన్ని మిగిలాయి?"

"ఏవి?"

"ఏవో నీకు తెలుసు."

మీరు బిల్లు పుస్తకంలో లెక్క చూశారు. "ఏడు."

"ఫ్యాక్టరీలోకి సైన్యం వచ్చింది. ఉన్న సరుకంతా పగలగొడుతున్నారు. షాపుల్లోంచి కూడా ఏరేస్తున్నారట."

"మరి నేనేం చెయ్యను?"

అవతల కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత లైను కట్టయింది.

ఇక్కడ ఒక్క మాట. ఈ షాపు, ఈ ఫోను, మీరు, ఇదంతా నేను అల్లింది. ఫ్యాక్టరీ మాత్రం అల్లింది కాదు. సైన్యం ఫిలిప్స్ ఫ్యాక్టరీలోకి వెళ్లింది. అచ్చయి ఉన్న రికార్డుల్ని నాశనం చేసింది. షాపుల నుంచి రికార్డులు వెనక్కి తీయించారు. తమ సెన్సారే ముద్ర వేసి పంపిన పాటని తమ సైనికులే విరగ్గొట్టారు. ముద్ర వేసిన అధికారికి శిక్ష పడిందని చెబుతారు.

సరే. ఫోను పెట్టేయండి. ఇప్పుడు ఆలోచించండి.

మీ ముందు దారులు ఎన్నో లేవు. ఏడింటినీ కౌంటరు మీద పెట్టి ఎదురుచూడొచ్చు. గబగబా అమ్మేయొచ్చు. బయట ఇద్దరు కుర్రాళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. లేదా దాచొచ్చు.

దొరికితే ఏమవుతుంది?

1968 డిసెంబరు 13న ఒక శాసనం వచ్చింది. ఐదో సంస్థాగత శాసనం. జనం పొడి అక్షరాల్లో ఏఐ-5 అంటారు. దాని తర్వాత రాజకీయ నేరం పేరుతో మిమ్మల్ని పట్టుకెళితే హెబియస్ కార్పస్ లేదు. అంటే మీ వాళ్లు కోర్టుకెళ్లి, మా మనిషి ఎక్కడ, తెచ్చి చూపించండి అని అడిగే హక్కు లేదు. ఆ శాసనం వచ్చిన రెండు వారాలకే కెతానో వెలోజో, జిల్బెర్తో జిల్ అనే ఇద్దరు పాటగాళ్లని సావ్ పావ్లోలో అరెస్టు చేశారు. తర్వాత దేశం దాటించారు. వాళ్లిప్పుడు లండన్‌లో ఉన్నారు. షికోని కూడా ఇంటికొచ్చి తీసుకెళ్లి ప్రశ్నించారు. 1969 జనవరిలో ఆయన ఇటలీ వెళ్లి పద్నాలుగు నెలలు అక్కడే ఉండిపోయాడు. పరిస్థితి మెరుగవుతోందని చెబితే 1970 మార్చిలో తిరిగొచ్చాడు. మెరుగవలేదు. వచ్చి చూసి రాసిన పాటే ఇది.

వాళ్లు పేరున్నవాళ్లు. మీ పేరు ఎవరికి తెలుసు?

ఈ ఏడాది జనవరి 20నే, ఇదే ఊళ్లో, సముద్రపొడ్డున లెబ్లోన్ పేటలో, మాజీ ఎంపీ రూబెన్స్ పైవాని ఇంట్లోంచి తీసుకెళ్లారు. ఆయన కారు ఆయనే నడుపుకుంటూ వెళ్లాడు. మర్నాడు భార్యనీ, కూతుర్నీ పట్టుకెళ్లారు. వాళ్లు తిరిగొచ్చారు. ఆయన రాలేదు. ఆయన మనుషులే దారికాచి ఆయన్ని విడిపించుకుపోయారని సైన్యం చెప్పింది. పేపర్లు అదే వేశాయి. మీరూ చదివారు. నమ్మలేదు. నమ్మలేదని ఎవరితోనూ అనలేదు.

రికార్డుల సంగతి తర్వాత. ఆ నోటుపుస్తకం.

మీకు ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు పేజీల పేర్లు. ఫోను నంబర్లు. పైన మీ చేత్తోనే రాసిన పాట పేరు, కింద గీత గీసి మరీ. కాలేజీ కుర్రాడు. కూరగాయల సంచి ఆవిడ. బ్యాంకు గుమాస్తా. ఒక స్కూలు టీచరు రెండు కావాలంది, ఒకటి చెల్లెలికట.

చింపేద్దామా? మింగేద్దామా? రెండు పేజీలు మింగడం అయ్యే పనేనా?

బయట కారు ఆగింది.

చెయ్యి బిల్లు పుస్తకం కిందికి వెళ్లింది. నోటుపుస్తకం లాగారు. ఎక్కడ పెట్టాలి? డ్రాయరు వెతుకుతారు. చొక్కాలో పెడితే కనిపిస్తుంది, తడిసిపోయి ఉంది.

తలుపు గంట మోగింది.

స్టూలు మీద పెట్టి దాని మీద కూర్చున్నారు.

ఇద్దరు. మఫ్టీలో ఉన్నారు. ఒకడు పెద్దవాడు, సన్న మీసం. రెండోవాడికి మీ వయసే ఉంటుంది. పెద్దవాడు జేబులోంచి కార్డు సగం తీసి సగంలోనే లోపల పెట్టాడు.

"షికో బువార్కి."

"ఎల్పీనా, కొంపాక్తా?"

గొంతు వణకలేదు. మీకే ఆశ్చర్యం వేసింది.

"తెలివితేటలు వద్దు."

మీరు లేవాలి. రికార్డులు పెట్టెలో ఉన్నాయి, పెట్టె కింద ఉంది. లేస్తే నోటుపుస్తకం కనిపిస్తుంది. స్టూలు మీద కూర్చునే పక్కకి వంగారు. చెయ్యి చాపారు. అందడం లేదు. ఇంకొంచెం వంగారు. స్టూలు ఒక కాలు మీదికి లేచింది. పడిపోతారా? పడలేదు. వేళ్లకి అట్టలు తగిలాయి. లాగి కౌంటరు మీద పెట్టారు.

కుర్రవాడు లెక్కపెట్టాడు. "ఆరు."

పెద్దవాడు చెయ్యి చాపాడు. "డెలివరీ చీటీ."

ఇచ్చారు. యాభై వచ్చాయి. బిల్లు పుస్తకంలో నలభై మూడు అమ్మినట్టుంది.

"ఏడోది?"

ఏడోది. అవును. మొన్న మీరే కదా తీశారు. ఎవరికి ఇచ్చారు? ఎవరికీ ఇవ్వలేదు. ఎక్కడ పెట్టారు?

వినే గది.

పళ్లెం మీదే ఉంది. మీరు విన్నప్పటి నుంచీ.

చెబితే విన్నట్టు ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే దాచినట్టే. ఏది తక్కువ నేరం? ఆయన మీ కళ్లలోకే చూస్తున్నాడు. చెమట కంట్లోకి దిగుతోంది. తుడుచుకోకండి.

"గదిలో ఉంది. కస్టమర్లకి వినిపించడానికి."

కుర్రవాడు వెళ్లాడు. తలుపు చప్పుడు. మూత ఎత్తిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు? చాలాసేపు అనిపించింది. వాడు రికార్డు పట్టుకుని వచ్చాడు. పెద్దవాడు తీసుకుని అంచు కౌంటరుకి ఆనించి నొక్కాడు. వంగింది. విరగలేదు. మళ్లీ నొక్కాడు. ఫట్‌మంది.

మిగతా ఆరూ సంచిలో వేసుకున్నాడు.

"ఎవరెవరు కొన్నారు?"

"పేర్లు అడగమండి. డబ్బిస్తారు, పట్టుకెళతారు."

"ముందుగా చెప్పి పెట్టుకున్నవాళ్లు?"

తొడ కింద నోటుపుస్తకం అట్ట అంచు గుచ్చుకుంటోంది.

"లేరండి."

ఆయన షాపు అంతా ఒకసారి చూశాడు. గోడ. గల్లాపెట్టె. మీరు. స్టూలు. మళ్లీ మీరు.

"పద," అన్నాడు కుర్రవాడితో.

కుర్రవాడు కదల్లేదు. కాస్త సిగ్గుపడుతున్నాడు.

"రొబెర్తో కార్లోస్ కొత్తది ఉందా? మా చెల్లెలు అడుగుతోంది."

ఇది మరీ సినిమాలా ఉందనుకోకండి. తనని తీసుకెళ్లడానికి వచ్చిన పోలీసులే లిఫ్టులో కూతురి కోసమని ఆటోగ్రాఫ్ అడిగారని షికోయే తర్వాత చెప్పాడు. పోలీసుల ఇళ్లలోనూ రేడియోలు ఉంటాయి.

రొబెర్తో కార్లోస్ ఉంది. అదృష్టం, కౌంటరు మీదే ఉంది. లేవనక్కర్లేదు. చుట్టి ఇచ్చారు. వాడు డబ్బులిచ్చాడు. చిల్లర ఇచ్చారు.

"బిల్లు?"

బిల్లు రాయాలి. పెన్ను గల్లాపెట్టె అవతల ఉంది. లేవాలి.

పెద్దవాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. విసుగ్గా ఉన్నాడు.

"పెన్ను సిరా అయిపోయిందండి," అన్నారు మీరు.

కుర్రవాడు తన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. మీరు ఆ పెన్నుతో, ఆ పుస్తకంలో, ఆ మనిషికి బిల్లు రాశారు. ఒక కొంపాక్తు. రొబెర్తో కార్లోస్. తేదీ. సంతకం. అక్షరాలు వంకర పోయాయి. వాడు చూసుకోలేదు.

గంట మోగింది. తలుపు మూసుకుంది. కారు కదిలింది.

లేవకండి. ఇంకా లేవకండి. వీధి మలుపు తిరగనివ్వండి.

ఇప్పుడు లేవండి. నోటుపుస్తకంలోంచి ఆ రెండు పేజీలు చింపండి. వెనక మరుగుదొడ్డి ఉంది. అగ్గిపెట్టె గూట్లో ఉంది.

ఇబోపి మనిషి తర్వాత మళ్లీ వచ్చాడు. అదే ఫారం. అదే పెన్సిల్.

"కొంపాక్తుల్లో ఏది ముందుంది?"

ఆయన మీ వంక చూడలేదు. మీరు ఆయన వంక చూడలేదు.

"రొబెర్తో కార్లోస్."

అబద్ధం కాదు. అమ్మకానికి ఉన్నవాటిలో అదే ముందుంది. జనం అడుగుతున్నది ఏమిటని ఆ ఫారంలో గడి లేదు. ఒక్క మాట చెప్పాలి. ఏ దేశానిదైనా సరే, ఏ కాలానిదైనా సరే, హిట్ పాటల పాత పట్టికలు చూసేటప్పుడు అవి జనం ఇష్టాల జాబితా అనుకోకండి. అవి షాపులో ఉంచనిచ్చినవాటి జాబితా.

కబుర్లు మాత్రం షాపుకి వస్తూనే ఉన్నాయి. షికోని పిలిచి అడిగారట, ఆ 'నువ్వు' ఎవరని. పెత్తనం చెలాయించే ఒక ఆడమనిషి అని చెప్పాడట. ఆ కబురు తెచ్చినాయన నవ్వలేదు, విన్న మీరూ నవ్వలేదు. ఆయన బయటికి వెళ్లాక ఇద్దరూ వేర్వేరుగా నవ్వుకుని ఉంటారు.

ఆ తర్వాత షికో పేరుతో సెన్సారుకి వెళ్లిన ప్రతి కాగితాన్నీ భూతద్దం పెట్టి చూశారు. సావ్ పావ్లోలో 1973లో ఫిలిప్స్ కంపెనీ పెట్టిన కచేరీలో జిల్‌తో కలిసి నిషేధం పడిన పాటొకటి మొదలుపెడితే మైకులు ఒకటొకటిగా మూగబోయాయి. ఆయన మైకు నుంచి మైకుకి మారుతూ ప్రయత్నించాడు. 1974లో ఇంకో ఎత్తు వేశాడు. జూలిన్యో ద అదెలైద్ అనే లేని మనిషిని పుట్టించి ఆ పేరుతో పాటలు పంపాడు. సెన్సారు ముద్ర వేసేసింది. జూలిన్యో పేరుతో ఒక పేపరుకి ఇంటర్వ్యూ కూడా ఇచ్చాడు. గుట్టు బయటపడ్డాక పాటతో పాటు రాసినవాడి గుర్తింపు పత్రాల నకలు కూడా పంపాలని సెన్సారు కొత్త రూలు పెట్టింది.

ఇక ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్దాం. మీకు అనుమానం వచ్చే ఉంటుంది, అచ్చయినవన్నీ పగిలిపోతే ఆ పాట మనదాకా ఎలా వచ్చిందని. రికార్డు తయారయ్యే తీరు తెలిస్తే విషయం అర్థమవుతుంది. పాటని ముందు మెత్తటి పూత ఉన్న పళ్లెం మీద గీత గీతగా చెక్కుతారు. దాని మీద విద్యుత్తుతో లోహపు పొర ఎక్కించి అచ్చు తీస్తారు. వేడెక్కిన వినైల్ ముద్దని ఆ అచ్చుల మధ్య పెట్టి నొక్కితే కొన్ని క్షణాల్లో రికార్డు తయారు. లోహపు అచ్చు ఉన్నంతకాలం మళ్లీ నొక్కొచ్చు. ఆ రోజు వచ్చిన సైనికులకి ఎవరో రికార్డులు పగలగొట్టమని చెప్పారు. వాళ్లు రికార్డులే పగలగొట్టారు. మూలాన్ని మరిచిపోయారు. అక్కడ పనిచేసేవాళ్లకి గుర్తు చెయ్యాలని అనిపించి ఉండదు.

ఏడేళ్లు గడిచాయి. మెడిసి దిగిపోయాడు. ఇంకో జనరల్ వచ్చాడు, పట్టు కాస్త సడలింది. 1978లో ఆకుపచ్చని ఆకుల ముందు షికో నవ్వుతున్న బొమ్మతో ఒక ఎల్పీ వచ్చింది. పేరు 'షికో బువార్కి' అనే. అంతకు ముందు మైకులు మూగబోయిన పాట కూడా అందులో ఉంది. వీలుంటే వెతికి వినండి. చివరి పాట దాకా ఆగండి. ఆ చివరి పాటే 'అపెజార్ ది వొసె'. దాన్ని 1978లో కొత్తగా పాడించలేదు. 1970లో విడుదలై లక్షమంది దాకా కొన్న రికార్డింగే అది.